కట్టడమునకొక పెద్ద

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అను సామెత ఎరుగని తెలుగు ఇల్లు లేదు. ఈ రెండు పనులను మన పెద్దలు ఒక్క త్రాటనే ఎందుకు కట్టినారు? రెండింటికిని ధనవ్యయము తప్పదు, నిజమే. కాని కారణము అది ఒక్కటే కాదని మా అభిప్రాయము. పెళ్లియనగా పురోహితుడు, మంగళవాద్యమువారు, వంటవారు, పందిరి వేయువారు, పూలవారు పదిచోట్ల నుండి వచ్చి, ఒకరి పనికి మరొకరు అడ్డుపడకుండ, ఒక్క ముహూర్తమునకు సిద్ధము కావలెను. కట్టడము సంగతియు ఇంతే. పునాది త్రవ్వనిదే తాపీవానికి పని లేదు. దారబంధము రానిదే గోడ పైకి లేవదు. గోడ ఆరనిదే సున్నమువాడు రాకూడదు. పనివారు దొరకక పని ఆగుట కంటె, ఒకని పని ముగియక మరొకడు చేతులు ముడుచుకొని కూర్చుండుట వలన కలుగు నష్టమే ఎక్కువ. అందువలననే పెళ్లికి ఒక పెళ్లిపెద్ద కావలసినట్లు కట్టడమునకును ఒక పెద్ద కావలసివచ్చినాడు. అతనినే మనము కాంట్రాక్టరు అనుచున్నాము.

మన భాషలో ఇతనికి గుత్తేదారు అను పేరు చిరకాలముగా ఉన్నది. ఇంత పనికి ఇంత సొమ్మని ముందుగా నిర్ణయించి అప్పగించుటయే గుత్త. మేస్త్రి అను మాట పోర్చుగీసువారి నుండి మనకు వచ్చినది. వారి భాషలో దానికి పనిలో ఆరితేరిన పెద్ద అని అర్థము. ఇంతకంటె ప్రాచీనమైనది మన శిల్పశాస్త్రములలోని వ్యవస్థ. వాటిలో స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నలుగురు శిల్పులు చెప్పబడినారు. స్థపతి వారికి నాయకుడు. కట్టడమును మనస్సులో ఊహించువాడును అతడే, దానిని దగ్గరుండి కట్టించువాడును అతడే.

ఆధునిక కాంట్రాక్టరు అటువంటివాడు కాడు. కట్టడమును ఊహించి పటము గీయువాడు వేరొకడు. రాయి చెక్కువారు, ఇటుక పేర్చువారు, ఇనుము వంచువారు వేరు. ఈ ఇద్దరి నడుమ నిలిచి, తాను పటము గీయక, తాపీ పట్టక, మొత్తము కట్టడమునకు నేను పూచీ అని చెప్పు ఈ మూడవ మనిషి ఎక్కడినుండి వచ్చినాడు? లక్షల ధనము గల యజమానులు తమ భవనములను ఇతని చేతిలో పెట్టుటకు ఎట్లు సాహసించినారు? ఇతనియొద్ద వారు కొనునది ఏమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు శ్రోతలను ముందు లండను నగరమునకు, పిమ్మట న్యూయార్కు నగరమునకు తీసికొనిపోవుదుము. ఒక గ్రంథాలయ భవనము, ఒక ప్రదర్శనశాల, ఒక వ్యాపార సౌధము, ఈ మూడింటి చరిత్రలో ఈ మనిషి చరిత్ర చాలవరకు ఇమిడియున్నది.

పదునెనిమిదవ శతాబ్దమున లండనులో భవనము కట్టింపదలచిన యజమాని ఇటుకపనివానితో ఒక ఒప్పందము, వడ్రంగితో ఒకటి, రాతిపనివానితో ఒకటి, సీసపు గొట్టములవానితో ఒకటి, అద్దములవానితో ఒకటి, రంగులవానితో ఒకటి చేసికొనుట వాడుక. పని ముగిసిన తరువాత కొలతలు వేయువారు వచ్చి, ఎవరెవరు ఎంతెంత పని చేసినదియు కొలిచి, వెల కట్టుదురు. యజమాని ఆ మొత్తమును చెల్లించును. ఈ పద్ధతిలో ఒక సుగుణము లేకపోలేదు. ముందే ధర తెగలేదు గనుక పనివానికి సామాను తగ్గించి లాభము తీయవలెనను ఆశ తక్కువ. కాని భవనము పూర్తియగు వరకు దాని వెల యజమానికి తెలియదు. ఆలస్యమైనపుడు తప్పు ఎవరిదో తేలదు. ఇటుకపనివాడు వడ్రంగిని చూపును, వడ్రంగి కలప వర్తకుని చూపును.

ఫ్రాన్సుతో ఇంగ్లండు 1793 మొదలు 1815 వరకు ఇంచుమించు విరామము లేక చేసిన యుద్ధములు ఈ పద్ధతిని కదిలించినవి. సైనికులకు వసతిగృహములు త్వరగా కావలసివచ్చినవి. ప్రభుత్వము ఆ పనిని తునకలుగా పంచక, మొత్తముగా ఒక్కనికి అప్పగించుట నేర్చుకొన్నది. దీనిని మెచ్చినవారెందరో నిందించినవారును అందరే. ముందుగా ధర నిర్ణయమైనచో లోపలి పని నాసిగా జరుగునని వాస్తుశిల్పులు భయపడినారు. ఆ భయము నిరాధారమని మేము చెప్పజాలము. అది ఈనాటికిని మన ఇంటి గుమ్మములో నిలిచియున్న భయమే.

ఈ భయమునకు మాటతో కాక పనితో సమాధానము చెప్పినవాడు థామస్ క్యూబిట్. ఇతడు 1788లో నార్విచ్ పట్టణ సమీపమున జన్మించినాడు. వడ్రంగి కుమారుడు, తానును వడ్రంగియే. యౌవనమున ఓడలో వడ్రంగిగా ఇండియాకు ప్రయాణము చేసివచ్చి, ఆ రాబడితో 1810 ప్రాంతమున లండనులో స్వంత వ్యాపారము ప్రారంభించినాడు. కొలదికాలమునకే అతనికి పెద్ద పని దొరకినది. నగర వర్తకులు, విద్యాప్రియులు కలిసి స్థాపించుకొన్న లండన్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థ, ఫిన్స్‌బరీ సర్కస్ అను ప్రదేశమున గ్రంథాలయమును, ఉపన్యాసశాలయును గల భవనమును తలపెట్టినది. 1815లో శంకుస్థాపన జరిగినది. కట్టు బాధ్యత క్యూబిట్ వహించినాడు.

అప్పుడు అతనికి పాతపద్ధతిలోని చిక్కు స్వయముగా అనుభవమునకు వచ్చినది. ఒప్పుకొన్నది తాను. పని చేయవలసినది ఇతరుల మనుష్యులు. ఇటుకపని పెద్దకు వేరొకచోట మంచి పని తగిలినచో ఇక్కడికి మనుష్యులను పంపడు. అతనిని అదలించుటకు క్యూబిట్ చేతిలో ఏమియు లేదు. మాట ఇచ్చినవాడు ఒకడు, మాట నిలుపవలసినవారు వేరు! ఈ స్థితి నుండి బయటపడుటకు క్యూబిట్ చేసిన పని ఆనాటికి చాల సాహసమైనది. గ్రేస్ ఇన్ రోడ్డులో స్థలము తీసికొని కార్ఖానాలు కట్టి, వడ్రంగులు, తాపీవారు, ఇనుపపనివారు మొదలగు అన్ని వృత్తులవారిని తన శాశ్వతోద్యోగులుగా పెట్టుకొన్నాడు. అన్ని వృత్తులను ఒక్క కొలువులో చేర్చి, వారమువారము జీతమిచ్చిన తొలి నిర్మాతలలో అగ్రగణ్యుడు ఇతడని చరిత్రకారులు చెప్పుదురు. లండన్ ఇన్‌స్టిట్యూషన్ నూతన భవనము 1819లో తెరువబడినది.

కాని ఒక చిక్కు విప్పగా మరొకటి పడినది. జీతము ఇచ్చుచున్నంతకాలము పని చూపవలెను. నేడు ఒక భవనము ముగిసి, మరొకటి ఆరు మాసముల పిమ్మట వచ్చునన్నచో, ఆ ఆరు మాసములు వందలమంది మనుష్యులను కూర్చుండబెట్టి పోషించుట ఎట్లు? అందువలన క్యూబిట్ ఇతరుల పిలుపు కొరకు ఎదురుచూడక, తానే నేల కౌలునకు తీసికొని వీధులకు వీధులు కట్టసాగినాడు. లండనులో బ్లూమ్స్‌బరీ, బెల్‌గ్రేవియా, పిమ్లికో అను ప్రాంతములలో అతడు కట్టిన గృహపంక్తులు పెక్కు ఉన్నవి. విక్టోరియా రాణి దంపతులకు వైట్ దీవిలో ఆస్‌బోర్న్ సౌధమును కట్టినవాడును, బకింగ్‌హామ్ రాజభవనపు తూర్పు ముఖమును కట్టినవాడును ఇతడే. 1855లో ఇతడు మరణించినపుడు రాణి తన దినచర్యలో ఆ సాధుస్వభావుని ఎంతయో కొనియాడినది. కట్టడములు కట్టించువాడు ఇట్లు రాజగౌరవమునకు పాత్రుడగుట అంతకుముందు అరుదు.

క్యూబిట్ చూపిన మార్గము ఏమి? మాట నిలుపుకొనుటకు కావలసిన సమస్తమును స్వంతము చేసికొనుట. మనుష్యులు తనవారే, కార్ఖానాలు తనవే. ఇది ఒక మార్గము. ధనబలమును, దూరదృష్టియు కలవానికే సాధ్యమైన మార్గము. నిర్మాణ కళ మారినకొలది ఈ మార్గము ఎంతవరకు చెల్లునో పరీక్షింపవలసివచ్చినది. ఆ పరీక్ష 1850లో అదే లండనులో జరిగినది.

1851లో సర్వదేశముల వస్తువులతో మహాప్రదర్శనము జరుపవలెనని నిశ్చయమైనది. భవనము కొరకు ప్రకటన చేయగా 245 నమూనాలు వచ్చినవి. నిర్మాణ సంఘము ఒక్కదానిని కూడ అంగీకరింపక, కోటి పైచిలుకు ఇటుకలు కావలసిన స్వంత నమూనాను ముందుకు తెచ్చినది. నెలలే వ్యవధి ఉండగా అంత ఇటుకపని ముగియుట కల్ల అని లోకము గగ్గోలు పెట్టినది. ఆ సమయమున, ఉద్యానవనములలో గాజు గృహములు కట్టుటలో ప్రవీణుడైన జోసెఫ్ పాక్స్‌టన్, ఇనుము, కొయ్య, గాజులతోనే ఒక భవనమును ఊహించినాడు. ఊహ చక్కనిదే. దాని వెల ఎంత? గడువులోపల నిలువబెట్టువాడెవడు? ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పజాలక మంచి ఊహలెన్నియో కాగితముమీదనే నశించుచుండును.

ఫాక్స్, హెండర్సన్ అను కాంట్రాక్టర్లు ముందుకు వచ్చినారు. వారి కార్ఖానా బర్మింగ్‌హామ్ చెంత స్మెథ్‌విక్‌లో ఉన్నది. కొలదిదినములలోనే ఒక్కొక్క స్తంభమునకు, దూలమునకు, గాజు పలకకు వెల కట్టి 79,800 పౌనులకు పని చేయుదుమని తెలిపినారు. అయితే ప్రదర్శనము ముగిసిన పిమ్మట సామగ్రియంతయు మరల తమదే కావలెనని షరతు పెట్టినారు. సామగ్రిని యజమానులే ఉంచుకొన్నచో ధర 1,50,000 పౌనులు. ఈ రెండంకెలను శ్రోతలు కొంచెము పరిశీలింపవలెను. కాంట్రాక్టరు కట్టుటను గూర్చి మాత్రమే కాక విప్పుటను గూర్చియు ఆలోచించినాడు. విప్పిన సామానునకు ఇంత వెల యుండునని ముందుగా గ్రహించి, ఆ మేరకు నేటి ధరను తగ్గించినాడు. తరువాత ఆ సామగ్రి 70,000 పౌనులకు అమ్ముడుపోయి సిడెన్‌హామ్ కొండపై మరల భవనముగా లేచినపుడు, అతని లెక్క ఎంత సరియైనదో లోకమునకు తెలిసినది.

1850 జూలై చివర స్థలము స్వాధీనమైనది. చార్లెస్ ఫాక్స్ రేయింబవళ్లు కూర్చుండి పనిపటములు గీసినాడు. సెప్టెంబరు 26వ తేదీన మొదటి స్తంభము నిలిచినది. ఒడంబడికపై సంతకములు పడినది అక్టోబరు చివర మాత్రమే. అనగా పత్రము కంటె మాట ముందు నడచినది. దూలములను ఎత్తుటకు ముందు ఆ స్థలముననే బరువు మోపి పరీక్షించినారు. ఒకే కొలత గల భాగములు వేలకొలది దూరపు కార్ఖానాలలో తయారై వచ్చి, ఇచట ఒకదానితో ఒకటి కూడుకొన్నవి. గాజు పలకలే 3 లక్షలకు సమీపము. వాటిని చాన్స్ సోదరులు తయారుచేసినారు. 1848 అడుగుల పొడవు గల ఆ స్ఫటిక భవనము 1851 మే 1వ తేదీన తెరువబడినది. ఇక్కడ కాంట్రాక్టరు అమ్మినది మనుష్యుల చేతులను కాదు. ఎక్కడెక్కడనో జరుగు పనులను ఒక్క వరుసలో నడుపగల బుద్ధిని అమ్మినాడు.

ఈ కథకు చేదైన ముగింపు కూడ ఉన్నది. ప్రపంచమంతయు కొనియాడిన ఫాక్స్, హెండర్సన్ సంస్థ 1856లో దివాలా తీసినది. నేర్పులో లోపము లేకున్నను, శక్తికి మించిన పనులు తలకెత్తుకొన్నపుడు ఎంతటి నిర్మాతయు కూలును. అతనితోపాటు సగములో ఉన్న కట్టడముల యజమానులును చిక్కుకొందురు. కాంట్రాక్టరును ఎన్నుకొనువాడు అతడు కట్టిన భవనములను మాత్రమే చూచుట చాలదు. అతని చేతిలో ప్రస్తుతము ఎన్ని పనులున్నవి, వాటిని మోయు ధనబలము ఉన్నదా అని విచారింపవలెను. 1856 మనకు నేర్పినది ఇదియే.

ఇంగ్లండులో ఇట్లు రూపుదిద్దుకొన్న ఈ వృత్తి, అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దపు చివర మరొక మలుపు తిరిగినది. 1871 నాటి మహాగ్నిప్రమాదము తరువాత షికాగో నగరము మరల కట్టుకొనుచున్న కాలమది. లిఫ్టు వచ్చినది. భారమును గోడలు కాక లోహపు చట్రము మోయుట వచ్చినది. ఒక్క భవనములోనే విద్యుత్తు, ఆవిరి గొట్టములు, నీటి గొట్టములు, లిఫ్టులు, ఉక్కు అన్నియు ఇమిడినవి. ఇన్ని వృత్తులను క్యూబిట్ వలె ఒక్క కొలువులో పెట్టుకొనుట ఎవరి తరము? ఇక్కడ జార్జ్ ఫుల్లర్ అను నిర్మాత ప్రసిద్ధికెక్కినాడు. వాస్తువిద్య అభ్యసించియు పటములు గీయుట మాని, కట్టించుటయే తన వృత్తిగా చేసికొన్నవాడు. ఒక్కొక్క పనిని దానిలో నిపుణులైన చిన్న కాంట్రాక్టర్లకు ఇచ్చి, వారందరిని నడుపుచు, యజమానికి తానొక్కడే జవాబుదారిగా నిలుచుట అతని పద్ధతి. 1889లో పూర్తియైన టకోమా భవనము అతనికి పేరు తెచ్చినది. 1900లో ఫుల్లర్ మరణించిన తరువాత అతని సంస్థ న్యూయార్కులో కట్టిన త్రికోణాకారపు భవనము 1902లో పూర్తియైనది. ఫ్లాట్‌ఐరన్ అని లోకము పిలుచు భవనమదే.

ఆ ఫుల్లర్ సంస్థలో పని నేర్చి, దానికే అధ్యక్షుడై, పిమ్మట సోదరునితో కలిసి స్వంత సంస్థ పెట్టినవాడు పాల్ స్టారెట్. 1929లో న్యూయార్కు అయిదవ అవెన్యూలో వాల్డార్ఫ్ అస్టోరియా హోటలును పడగొట్టి, ఆ స్థలమున ప్రపంచములోకెల్ల ఎత్తైన వ్యాపార భవనమును లేపవలెనని కొందరు ధనికులు సంకల్పించినారు. వారిలో ముఖ్యుడు జాన్ రాస్కాబ్. సంస్థకు అధ్యక్షుడు, న్యూయార్కు రాష్ట్ర మాజీ గవర్నరు ఆల్ స్మిత్. ఈ భవనమే ఎంపైర్ స్టేట్ బిల్డింగు. కాంట్రాక్టరును ఎన్నుకొనుటకై పలువురు నిర్మాతలను పిలిచి ప్రశ్నించినారు. ఆ సమావేశములో జరిగిన సంభాషణను స్టారెట్ 1938లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు.

ఇంత గొప్ప భవనమునకు తగిన పరికరములు నీయొద్ద ఎన్ని ఉన్నవని పెద్దలు అడిగినారు. అంతకుముందు వచ్చినవారు తమయొద్ద సమృద్ధిగా ఉన్నవని చెప్పి వెళ్లినారు. స్టారెట్ మాత్రము తనకు ఒక గడ్డపార గాని, పార గాని లేదని సమాధానమిచ్చినాడు. పెద్దలు నివ్వెరపోయినారు. అప్పుడతడు కారణము వివరించినాడు. ఇంతటి భవనమునకు సామాన్య పరికరములు చాలవు. పాతవి అద్దెకు తెచ్చినను, ఉన్నవాటితో సర్దుకొన్నను పని కుంటుపడును. ఈ పనికే తగిన క్రొత్త పరికరములను కొనవలెను. పని ముగిసిన తరువాత వాటిని అమ్మి, వచ్చిన సొమ్మును యజమానుల ఖాతాలో జమ కట్టవలెను. అద్దె కంటె ఇదియే చౌక. పని స్టారెట్ సోదరులు, ఎకెన్ అను సంస్థకే దక్కినది.

దీనిని మన పెళ్లిళ్ల భాషలో చెప్పుకొన్నచో సులభముగా బోధపడును. పెళ్లిపెద్ద ఇంట గంగాళములు ఎన్ని ఉన్నవని ఎవరు అడుగుదురు? వేయిమందికి వంటయైనచో ఏ పాత్రలు, ఎన్ని, ఎప్పుడు, ఎక్కడినుండి తేవలెనో తెలిసినవాడు కావలెను. స్టారెట్‌కు నూరేండ్లకు పైగా మునుపు క్యూబిట్ సమస్తమును స్వంతము చేసికొని మాట నిలుపుకొన్నాడు. స్టారెట్ ఏదియు స్వంతము లేకయే మాట నిలుపుకొన్నాడు. మార్గములు భిన్నములు. యజమాని వారి నుండి కొన్నది మాత్రము ఒక్కటియే: క్రమము, దానికొక పూచీ.

ఒప్పందపు స్వరూపమును కూడ గమనింపవలెను. స్టారెట్ సంస్థ మొత్తము భవనమునకు ఇంత అని గుత్త పాడలేదు. నిజముగా అయిన ఖర్చును యజమానులు భరింతురు. సంస్థకు 5 లక్షల డాలర్ల స్థిరమైన ప్రతిఫలము. ఖర్చు పెరిగినను ప్రతిఫలము పెరుగదు. కావున ఖర్చు పెంచుట వలన కాంట్రాక్టరునకు లాభము లేదు. సామాను తగ్గించి మిగుల్చుకొనుట వలనను లాభము లేదు. పటములు ఇంకను గీయుచున్న దశలోనే వాస్తుశిల్పులైన ష్రీవ్, లాంబ్, హార్మన్‌లతో కాంట్రాక్టరు ఒక్క బల్లచుట్టు కూర్చుండుటకు ఈ ఏర్పాటు వీలు కల్పించినది. కట్టుటకు కష్టమైన దానిని పటములోనే మార్చుకొన్నారు.

ముహూర్తము కూడ ముందే నిశ్చయమైనది: 1931 మే 1. ఆ కాలమున న్యూయార్కులో ఏటేట అద్దె ఒప్పందములు మొదలగుచుండినది ఆ తేదీననే. అది దాటినచో ఒక సంవత్సరపు అద్దెకు ముప్పు. ఆ తేదీ నుండి వెనుకకు లెక్కవేసి ఉక్కు ఎప్పుడు రావలెను, రాయి ఎప్పుడు రావలెను అని పట్టిక తయారుచేసినారు. 1929 అక్టోబరులో హోటలును పడగొట్టుట మొదలైనది. ఆ నెలలోనే షేర్ల బజారు కుప్పకూలినది. అయినను పని ఆగలేదు. 1930 మార్చి 17న నిర్మాణము ప్రారంభమైనది. సుమారు 57,000 టన్నుల ఉక్కు, ఒక్కొక్క దూలముపై అది ఏ అంతస్తునకు, ఏ చోటికి పోవలెనో అంకె వేయబడి వచ్చినది. సామాను నిలువ చేయుటకు నగర మధ్యమున స్థలమేది? బండి వచ్చుట, దూలము పైకి లేచుట వెంటవెంట జరిగినవి.

ఇటుకల సంగతి వినుడు. వీధిలో కుప్పపోసి, తోపుడుబండ్లతో మోయించుట ఆనాటి వాడుక. ఇక్కడ లారీలు ఇటుకలను నేరుగా గరాటు వంటి తొట్టిలో పోయగా, క్రింది అంతస్తులో అవి చిన్న పట్టాలబండ్లలో పడును. ఆ బండ్లు లిఫ్టులో పైకి పోయి, ఆ యా అంతస్తులో వేసిన పట్టాలపై తాపీవాని చెంతకు చేరును. కోటి ఇటుకలు ఇట్లు ఎక్కినవి. మధ్యాహ్న భోజనమునకు వేలమంది క్రిందికి దిగి మరల ఎక్కుట కాలహరణమని, కొన్ని అంతస్తులలో చవుకధరలకు వేడి ఆహారము దొరకునట్లు తాత్కాలిక భోజనశాలలు పెట్టినారు. గుమాస్తాలు రోజుకు నాలుగుమార్లు తిరిగి ప్రతి మనిషి హాజరును సరిచూచినారు. లేని మనిషి పేర కూలి పడుట అనునది ఏ దేశములోనైనను ఉన్నదే. ఒక దినమున అత్యధికముగా 3,400 పైచిలుకు మంది పని చేసినారు.

102 అంతస్తుల ఆ సౌధము 410 దినములలో పూర్తియై 1931 మే 1వ తేదీననే తెరువబడినది. 1970 వరకు ప్రపంచమున దానిని మించిన భవనము లేదు. భూమి కాక కట్టుటకు అయిన ఖర్చు 2 కోట్ల 47 లక్షల డాలర్లు. మొదట వేసిన అంచనాలో అది సుమారు 60 పాళ్లు మాత్రమే. ఈ పొదుపు అంతయు కాంట్రాక్టరు నేర్పే యనుట న్యాయము కాదు. ఆర్థిక సంక్షోభము వలన కూలి రేట్లు, సామాను ధరలు పడిపోయినవి.

న్యాయముగా చెప్పవలసినవి మరి రెండు గలవు. ఆ నిర్మాణములో అయిదుగురు పనివారు మరణించినట్లు సంస్థ లెక్క. ఏ పట్టికయు, ఏ వేగమును ఆ అయిదు కుటుంబములకు సమాధానము చెప్పలేదు. కాంట్రాక్టరు పూచీ పడునది గోడలకు మాత్రమే కాదు, వాటిని కట్టువారి ప్రాణములకు కూడనని ఆ సంఖ్య గుర్తుచేయుచుండును. రెండవది, అంత సకాలమున తెరచిన భవనములో చేరుటకు అద్దెదారులు లేకపోయిరి. గదులు ఖాళీగా పడియుండగా జనులు దానిని ఖాళీ భవనమని పరిహసించినారు. లాభము కండ్లజూచుటకు ఇంచుమించు ఇరువది సంవత్సరములు పట్టినది. కాంట్రాక్టరు భవనమునకు పూచీ కాగలడు, వ్యాపారమునకు కాజాలడు. ఎంత కట్టవలెను, ఎప్పుడు కట్టవలెను, అసలు కట్టవలెనా అను విచారము యజమానిది. దానిని ఏ ఒడంబడికతోను మరొకరికి అప్పగింప వీలులేదు.

శ్రోతలలో నూరంతస్తులు కట్టువారు ఉండకపోవచ్చును. కాని దుకాణమునకు మేడ లేపువారు, మిల్లునకు గిడ్డంగి కట్టువారు, పాత హోటలును బాగుచేయించువారు ఉందురు. వారి ముందు నేడును ఉన్నవి ఆ మూడు మార్గములే. చేసిన పనిని కొలిచి చెల్లించుట ఒకటి. మొత్తము గుత్తకు ఇచ్చుట ఒకటి. ఖర్చు తాము భరించి, కట్టించినందుకు స్థిరమైన ప్రతిఫలము ఇచ్చుట ఒకటి. పటములు, వివరములు సంపూర్ణముగా ఉన్నచోట గుత్త మేలు. గోడ పగులగొట్టిన తరువాత గాని లోపలి సంగతి తెలియని మరమ్మతు పనులలో గుత్త ఇరుపక్షములకు ప్రమాదము. అట్టిచోట కొలత గాని, స్థిర ప్రతిఫలము గాని న్యాయము. ఖర్చుపై నూటికింత అని ప్రతిఫలము నిర్ణయించినచో, ఖర్చు పెరిగినకొలది కాంట్రాక్టరు ఆదాయము పెరుగునని మరువరాదు. ఆలస్యమునకు తగిన నష్టపరిహారమును ముందే వ్రాసికొనవచ్చును. అయితే 1872 నాటి ఇండియా ఒడంబడికల చట్టము 74వ విభాగము ప్రకారము, వ్రాసికొన్న మొత్తమునకు మించకుండ, న్యాయమైన పరిహారమే లభించును. పత్రములోని అంకె పెద్దది చేసినంతమాత్రమున గోడ త్వరగా లేవదు.

తక్కువ ధర చెప్పినవాడే మంచివాడని గాని, ఎక్కువ సామగ్రి చూపినవాడే సమర్థుడని గాని ఈ చరిత్ర చెప్పదు. పని అప్పగించుటకు ముందు అతనిని కూర్చుండబెట్టి, ఏ పని తరువాత ఏ పని వచ్చును, ఎక్కడ చిక్కు కలుగును, అప్పుడు ఏమి చేయుదువు అని అడుగవలెను. అన్నియు ఉన్నవి అనువాడు ఒకడు. నాయొద్ద ఇది లేదు, ఇందువలన దీనిని ఇట్లు సమకూర్చుదును అనువాడు మరొకడు. 1929లో న్యూయార్కు పెద్దలు రెండవవానిని ఎన్నుకొన్నారు. లేనిదానిని లేదని చెప్పగలవాడే, రేపు ఆలస్యమైనపుడు ఆలస్యమైనదని ముందుగా వచ్చి చెప్పగలడు. యజమానికి అంతకంటె విలువైన పూచీ మరొకటి లేదు.